పాత తలుపు చెక్కతో ఇంటి పేరు బోర్డు: మొదటి నుంచి చివరిదాకా

మా అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు విప్పేసినప్పుడు అందరూ బిందెలూ పెట్టెలూ పంచుకుంటుంటే నేను వంటింటి తలుపులోంచి ఒక పలక అడిగి తెచ్చుకున్నాను. నర్సంపేట వైపు పల్లె, టేకు తలుపు, దాని మీద ఎన్నిసార్లు రంగు వేశారో లెక్కలేదు. ఆ పలకను గోడకు ఆనించి చాలా రోజులు చూశాను, నాకు ఈ పని నేర్పింది అదే. గొళ్లెం కింద చెయ్యి పడే చోట రంగు మొత్తం పోయి చెక్క నున్నగా మెరుస్తోంది. అడుగున వాన జల్లు తగిలే జానెడు మేర నారలు పైకి తేలి బూడిద రంగుకు తిరిగింది. పై అంచు మాత్రం, ఎప్పుడూ నీడలో ఉన్నది కాబట్టి, ఆకుపచ్చ ఎనామిల్ నిన్న వేసినట్టే ఉంది. మేకు దిగిన ప్రతి చోటా చుట్టూ నల్లటి మచ్చ.

అంటే చెక్క అంతటా ఒకేలా పాతబడదు. చెయ్యి తగిలిన చోట ఒక తీరు, వాన తగిలిన చోట ఇంకో తీరు. బజారులో యాంటిక్ అని అమ్మే బోర్డులు చాలావాటిలో నాకు నచ్చనిది ఇక్కడే, పలక మొత్తాన్ని ఒకే తీరుగా సుత్తితో కొట్టి ఒకే తీరుగా రుద్ది పెడతారు, దూరం నుంచే తెలిసిపోతుంది. మీరు చెయ్యబోయే బోర్డు నిజంగా 50 ఏళ్లు ఇంటి ముందు వేలాడి ఉంటే ఎక్కడ అరిగేది, ఎక్కడ నలుపెక్కేది అని ముందు ఆలోచించండి. కింద చెప్పే పనులన్నీ ఆ ఆలోచన నుంచి వచ్చినవే.

మొదటిసారి చేసేవాళ్లకు 2 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 6 సూతుల మందం ఉన్న పలక సరిపోతుంది. 8 సూతులు ఒక అంగుళం కాబట్టి 6 సూతులంటే ముప్పావు అంగుళం. వడ్రంగి దగ్గర సూతుల్లో చెబితే మళ్లీ అడగకుండా కోసిస్తాడు. టేకైతే కిలోన్నర దాకా బరువుంటుంది. చేతులతో చేసే పని రెండు రోజులే గాని ఆరబెట్టడానికీ, రంగు నీళ్లు తయారవడానికీ కలిపి వారం పది రోజులు పడుతుంది. గృహప్రవేశానికి మూడు రోజుల ముందు మొదలుపెట్టి టెన్షన్ పడకండి.

చెక్క ఎక్కడ దొరుకుతుంది, ఏది తీసుకోవాలి

వరంగల్, హనుమకొండ, కాజీపేటలో పాత ఇండ్లు విప్పి అపార్ట్‌మెంట్లు కడుతూనే ఉన్నారు. అక్కడి దర్వాజలు, కిటికీ రెక్కలు, దూలాలు, వాసాలు పాత కట్టె కొనేవాళ్లు పట్టుకెళ్తారు, మంచి ముక్కలు వాళ్ల దగ్గరే దొరుకుతాయి. పూర్తి తలుపు కొనక్కర్లేదు, విరిగిన రెక్క అడగండి, తక్కువలో ఇస్తారు. దూలం ముక్క దొరికితే సా మిల్లులో పలకలుగా కోయించుకోవచ్చు, కాకపోతే ముందు ప్రతి మేకూ పీకెయ్యాలి, లోపల విరిగి ఉండిపోయిన మేకు ఒక్కటున్నా మిల్లు బ్లేడు పళ్లు పోతాయి. చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి పలక మీద మెల్లగా జరిపితే కనపడని మేకు ఎక్కడుందో తెలుస్తుంది. ములుగు, ఏటూరునాగారం వైపు వాళ్లకు ఒక మాట: అడవిలో పడిపోయిన టేకు కొమ్మ కనిపించినా తేవద్దు, అది అటవీ చట్టం కింద నేరం. కొత్త కట్టె కావాలంటే మిల్లులో కొని బిల్లు తీసుకోండి.

టేకు దొరక్కపోతే మామిడి, వేప, తుమ్మ ఏదైనా పనికొస్తుంది. మామిడి తొందరగా పుచ్చుతుంది కాబట్టి ఇంటి లోపలి బోర్డులకే. వేప చాలా బాగుంటుంది, కానీ సరిగా ఆరకపోతే మెలిక తిరుగుతుంది. తుమ్మ గట్టిది, చేతి రంపంతో కొయ్యాలంటే భుజాలు నొప్పి పుడతాయి, బయట వేలాడదీయడానికి మాత్రం దృఢంగా ఉంటుంది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర మెత్తగా తేలికగా ఉంటుంది, అక్షరాలు చెక్కడం నేర్చుకోవడానికి దానికి మించింది లేదు, అయితే ఎండావానలకు ఆగదు.

ఫ్యాక్టరీలకు సామాను వచ్చే ప్యాలెట్లు, అంటే సామాను కింద పెట్టే చెక్క చట్రాలు కూడా కొందరు వాడతారు. విదేశం నుంచి వచ్చిన ప్యాలెట్ మీద ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, దాన్ని ఇంట్లోకి తేవద్దు. ముద్రే లేకపోతే, నూనె మరకలుంటే కూడా వదిలెయ్యండి.

కొనే ముందు పలకను నిలబెట్టి నేల మీద రెండు సార్లు గట్టిగా తట్టండి. సూది మొన అంత రంధ్రాల్లోంచి మెత్తటి పిండి రాలితే లోపల పురుగు ఇంకా బతికే ఉంది. రంధ్రాలున్నా పిండి రాలకపోతే సాధారణంగా పాత పుచ్చు, అది బోర్డుకు అందమే తెస్తుంది. టేకులో కూడా చేవ లేని తెల్ల భాగాన్నే పురుగు ముందు పడుతుంది, అది ఎక్కువున్న ముక్క తీసుకోకండి. చెక్క ఆరిందో లేదో అనుమానంగా ఉంటే వారానికోసారి తూకం వెయ్యండి, రెండు వారాలు వరుసగా ఒకే బరువు చూపిస్తే ఆరినట్టే.

శుభ్రం చెయ్యడం, పాత రంగుతో జాగ్రత్త

ఈ ఒక్క చోట మాత్రం నా మాట తప్పకుండా వినండి. పాత తలుపుల మీద ఉండే ఆకుపచ్చ, నీలం, పసుపు ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. అంతకు ముందు రంగు వేసిన తలుపును పొడిగా సాండ్ పేపర్ పట్టి రుద్దితే ఆ దుమ్ము గాల్లో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పిల్లల మెదడుకు అది చాలా చెడ్డది. అందుకని నీళ్లు చల్లుతూ వాటర్ పేపర్‌తోనే (తడిపి వాడే సాండ్ పేపర్) రుద్దాలి, ముక్కుకు మంచి మాస్క్ కట్టుకోవాలి, కింద పాత ఫ్లెక్సీ పరిచి రాలిన తడి రంగంతా కవర్లో కట్టి పారెయ్యాలి. ఇంట్లో గర్భిణులు, చిన్న పిల్లలు ఉంటే రంగున్న చెక్కను అసలు ముట్టుకోకండి, రంగు లేని దూలం ముక్క తెచ్చుకోండి. పాత రంగు మీద మంట పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

పాత రంగు పొరలు అందంగా కనిపిస్తున్నాయని ఉంచేసుకోవాలనుకుంటే ఉంచండి, రాలేవి మాత్రమే తీసేసి పైన మ్యాట్ వార్నిష్ రెండు కోట్లు వేస్తే పొర లోపల బందీ అయిపోతుంది. నా అమ్మమ్మ తలుపు పలకకు నేను చేసింది ఇదే. నిజంగా పాతదైన చెక్క దొరికితే దాన్ని ఇంకా పాతగా చెయ్యాలని చూడకండి. అక్షరాలు రాసి వదిలెయ్యండి. కింద చెప్పే అరగదీతలూ నల్లరంగులూ కొత్త చెక్కకు, లేదా మిల్లులో కోసి తాజాగా బయటపడ్డ ముఖానికి.

మిగతా శుభ్రత తేలికే. మేకులు పట్టకారుతో పీకి, కొబ్బరి పీచుతో సబ్బు నీళ్లు పెట్టి కడిగి, నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే బీట కొడుతుంది. పుచ్చు భయం ఉంటే లీటరు వేడి నీళ్లలో 100 గ్రాముల వెలిగారం (బోరాక్స్) కరిగించి వెనుక వైపూ అంచులకూ రెండు సార్లు పూసి ఆరబెట్టండి. ముందు ముఖానికి పుయ్యకండి, తర్వాత వేసే నల్లరంగు సరిగా పట్టదు.

అరగదీయడం

ఇనుప తీగల బ్రష్ తీసుకుని నార వెంట, అంటే గీతలు సాగే వైపే, గట్టిగా రుద్దండి. చెక్కలో మెత్తటి గీతా గట్టి గీతా పక్కపక్కనే ఉంటాయి. బ్రష్ మెత్తటిదాన్ని తినేసి గట్టిదాన్ని వదిలేస్తుంది, వాన ఏళ్ల తరబడి చేసే పని అచ్చంగా అదే. అడ్డంగా రుద్దితే గోకినట్టు గీతలు పడి పాడవుతుంది. అడుగు భాగాన ఎక్కువ సేపు, పైన తక్కువ సేపు. ఈ పనికి పైన్ చెక్క అన్నిటికంటే బాగా లొంగుతుంది, టేకుకు ఓపిక కావాలి.

అంచులు, మూలలు. కొత్తగా కోసిన పలక అంచు కత్తిలా ఉంటుంది, పాతది ఎక్కడా అలా ఉండదు. ఉలితో గాని వడ్రంగి దగ్గర అడిగి తెచ్చుకున్న చిత్రికతో (చెక్క నున్నగా గీసే పనిముట్టు) గాని అంచు మీద అక్కడక్కడ చిన్న పొర లేపి, ఆపైన 80 నంబరు సాండ్ పేపర్ తర్వాత 150 నంబరు పట్టి గుండ్రంగా చెయ్యండి. నాలుగు మూలలనూ ఒకేలా చెయ్యొద్దు, కింది మూలలు ఎక్కువ దెబ్బ తింటాయి. తాడు కట్టే రంధ్రాల చుట్టూ కొంచెం పల్లంగా అరగదీయండి, ఏళ్లకేళ్లు తాడు ఒరుసుకున్నట్టు. గొలుసుతో కొట్టడం, స్క్రూలు అదిమి గుంటలు పెట్టడం చాలామంది చెబుతారు. నేను మూడు నాలుగు దెబ్బలకు మించి వెయ్యను.

మంటతో కాల్చే పద్ధతి జపాన్‌లో చాలా పాతది, అక్కడ సుగి అనే చెట్టు పలకల పైభాగం కాల్చి ఇంటి గోడలకు బిగిస్తారు. మనం బ్లో టార్చ్‌తో రంగు లేని చెక్క మీద ఆరుబయట, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని చెయ్యొచ్చు. పైపైన నల్లబడగానే ఆపి బ్రష్‌తో మసి దులిపేస్తే గట్టి గీతలు ముదురుగానూ, మధ్యలో లేత గోధుమ రంగుగానూ వస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో గాలి వీచే మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి.

ఇనుప నీళ్లు, కరక్కాయ నీళ్లు

ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. మేకు చుట్టూ టేకు నల్లబడుతుంది అన్నాను కదా, దానికి కారణం చెక్కలో ఉండే వగరు పదార్థం, టానిన్. ఇనుముతో తేమ కలిసినప్పుడు టానిన్ దాన్ని పట్టుకుని నల్లగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతలకు వాడే రంగు కూడా ఇదే సూత్రం, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు, బట్టను ముందే కరక్కాయ నీళ్లలో ముంచి ఉంచుతారు. మనం ఆ మచ్చను పలక మొత్తం మీద కావలసినంత తెప్పించుకోవచ్చు.

ఒక గాజు సీసాలో అర లీటరు తెల్ల వెనిగర్ పోసి, అందులో పిడికెడు తుప్పు పట్టిన మేకులు గాని పెయింట్ షాపులో దొరికే స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప నారల ఉండ) గాని వెయ్యండి. గిన్నెలు తోమే మెరిసే స్టీల్ పీచు పనికిరాదు, అది తుప్పు పట్టని స్టీలు, నెల రోజులు నానబెట్టినా ఏమీ కాదు. నా మొదటి సీసా అలాగే వృథా అయింది. మూత బిగించకండి, లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది, గుడ్డ కట్టి పొయ్యికి దూరంగా వదిలెయ్యండి. స్టీల్ ఊల్ అయితే మూడు రోజులు, మేకులైతే వారం. నీళ్లు బూడిద రంగుకో తుప్పు రంగుకో తిరిగాక పాత బనీను గుడ్డలో వడగట్టుకోండి.

ఈలోగా టానిన్ సంగతి. కిరాణంలోనో ఆయుర్వేద సామాన్ల దుకాణంలోనో కరక్కాయలు దొరుకుతాయి. ఆరేడు కాయలు గింజ తీసేసి దంచి, అర లీటరు నీళ్లలో సగం అయ్యేదాకా మరిగించండి. కరక్కాయ లేకపోతే నాలుగు చెంచాల టీ పొడి మరిగించినా సరిపోతుంది, రంగు కాస్త లేతగా వస్తుంది. మన దగ్గర బీళ్లలో పూసే తంగేడు, పొలం గట్ల మీది తుమ్మ, ఈ రెండింటి బెరడుతోనే తోళ్లు ఊనేవారు, అంటే పచ్చి తోలు కుళ్లకుండా పదును చేసేవారు, అంత టానిన్ ఉంటుంది వాటిలో. తుమ్మ బెరడు ముక్కలు మరిగించి చూశాను, కరక్కాయకు ఏమాత్రం తీసిపోలేదు.

ముందు కరక్కాయ నీళ్లు పలకకు పూసి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఇనుప నీళ్లు బ్రష్‌తో ఒకసారి. పూసిన నిమిషంలోనే రంగు తిరగడం మొదలవుతుంది, అరగంటకు ముదురుతుంది, మర్నాటికి గాని అసలు రంగు తెలియదు, అందుకే నల్లగా రాలేదని వెంటవెంటనే రెండో కోటు వెయ్యకండి. ముందు అదే చెక్క తునక మీద చూసుకోవాలి, ఎందుకంటే ఒక్కో చెక్క ఒక్కో తీరు. టేకు, తుమ్మ కరక్కాయ లేకుండానే ముదురు బూడిద రంగుకు వస్తాయి, మామిడి, పొనికి, పైన్‌లో టానిన్ తక్కువ కాబట్టి వాటికి కరక్కాయ తప్పనిసరి. కింది భాగానికి రెండు సార్లు, పై భాగానికి నీళ్లు కలిపి పలుచగా ఒక్కసారి పూస్తే వాన తగిలినట్టు మెల్లగా మారుతూ వస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, గోళ్లలో నలుపు నాలుగు రోజులు పోదు.

రంగు పొరలు

ఉత్త చెక్క రంగే చాలనుకుంటే ఈ మెట్టు దాటేసి నేరుగా అక్షరాలకు వెళ్లండి. పాత దుకాణం బోర్డులా రంగు ఊడినట్టు కావాలంటే మాత్రం ముందు జాజు రంగు గాని ముదురు గోధుమ గాని ఎమల్షన్ ఒక కోటు వెయ్యాలి. ఆరాక చెయ్యీ వానా తగిలే చోట్ల, అంటే అంచులు, కింది భాగం, రంధ్రాల చుట్టూ, కొవ్వొత్తి గట్టిగా రుద్దండి. దాని మీద రెండో రంగు వేసి, ఆరాక సాండ్ పేపర్‌తో తేలికగా తడిమితే మైనం ఉన్న చోట పై రంగు ఊడివచ్చి కింది రంగు బయటపడుతుంది. పై రంగుగా సున్నం తెలుపు, పాత కిటికీల ఆకుపచ్చ, వెలిసిన నీలం బాగుంటాయి. ఎమల్షన్ మెరవకుండా సుద్దలా కనపడాలంటే కప్పు రంగుకు పావు కప్పు కంటే కొంచెం ఎక్కువ చాక్ పౌడర్ నీళ్లలో పేస్టులా కలిపి వెయ్యండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా వాడొచ్చు గాని అది గంటలోపే గట్టిపడుతుంది కాబట్టి కావలసినంతే కలుపుకోవాలి.

బీటలు వారినట్టు రావాలంటే రెండు రంగుల మధ్య ఫెవికాల్ పొర వేసి, అది ఇంకా వేలికి జిగటగా తగులుతుండగానే పై రంగు ఒక్క చేతి వాటున వెయ్యాలి, వేసిన చోట మళ్లీ బ్రష్ పెట్టకూడదు. ఫెవికాల్ మందంగా ఉంటే పెద్ద బీటలు, పలుచగా ఉంటే సన్నటివి. మన ఎండాకాలంలో ఫెవికాల్ అయిదు నిమిషాల్లోనే పొర కట్టేస్తుంది, పొద్దున ఏడింటిలోపు చేసుకుంటే చేతిలో ఉంటుంది.

తెలుగు అక్షరాలు

ఇంగ్లిష్ అక్షరాలకు చెప్పే కొలతలు తెలుగుకు పనికిరావు, చాలామంది బోర్డులు ఇక్కడే చెడిపోతాయి. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తులు వేలాడతాయి. 'స్వాగతం' రాస్తే వ ఒత్తు కిందికి దిగుతుంది. 'ఓరుగల్లు' రాస్తే ల ఒత్తు ఒక్కటే కింద ఉండి మిగతా చోటంతా ఖాళీగా కనపడుతుంది. అందుకని ముందు పలక ఎత్తులో అంచులకు అంగుళం చొప్పున వదిలేసి, మిగిలినదాన్ని నాలుగు భాగాలు చెయ్యండి. పై భాగం గుడులకు, మధ్య రెండు భాగాలు అక్షరం ఒంటికి, కింది భాగం ఒత్తులకు. 8 అంగుళాల పలకలో 6 అంగుళాలు మిగిలితే అక్షరం ఒళ్లు 3 అంగుళాలు వస్తుంది, గేటు దగ్గర నిలబడినవాళ్లకు హాయిగా కనపడుతుంది. ఒకే వరుస రాయండి. రెండు వరుసలు రాయాలంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లోకి దిగిపోతాయి, వెడల్పు 12 అంగుళాలకు పెంచాల్సిందే.

ఇంకో సంగతి, మాట మధ్యకు వచ్చిందా లేదా అన్నది స్కేలుతో కాక కంటితో చూసుకోండి. అర్ధచంద్రంలా దీర్ఘం సాగిన అక్షరం చివర్లో ఉంటే కొలత సరిగ్గా ఉన్నా మాట ఒక పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. కాగితం మీద రాసి పలకకు అంటించి పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. తలకిందులుగా పెట్టి చూస్తే మాట చదవబుద్ధి కాదు కాబట్టి ఖాళీలు ఎక్కడున్నాయో ఇంకా బాగా తెలుస్తుంది.

చేతిరాత మీద నమ్మకం లేకపోతే సూరన్న, రామరాజ, ధూర్జటి లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి, శీర్షికలకు సరిపోయేవి. కావలసిన ఎత్తుకు పెంచి ప్రింట్ తీసుకుని, కాగితం వెనుక చాక్‌పీస్ బాగా రుద్ది, పలక మీద టేపుతో అంటించి పైన పెన్సిల్‌తో దిద్దండి. లేత రంగు పలకైతే చాక్ బదులు కార్బన్ పేపర్. అయితే కంప్యూటర్ అక్షరాల అంచులు మరీ కచ్చితంగా ఉంటాయి. గీత దిద్దాక రంగు వేసేటప్పుడు చేతిని కాస్త స్వేచ్ఛగా వదలండి, పాత బోర్డుల్లో ఒకే పదంలో రెండు 'ల'లు అచ్చు ఒకేలా ఉండవు. ఫ్లెక్సీలు రాక ముందు మన ఊళ్లలో బోర్డులు రాసిన ఆర్టిస్టుల పని ఇప్పటికీ కొన్ని బడుల గోడల మీద, రైస్ మిల్లుల మీద మిగిలి ఉంది. ఆగి చూడండి, ఫోన్లో ఫొటో తీసుకోండి. నీడ ఎప్పుడూ ఒకే వైపు, ఎక్కువగా కుడి పక్కన కింది వైపు వేసేవారు. మణికట్టు కింద కర్రపుల్ల ఆనించుకుని రాస్తే గీత వణకదు, అది కూడా వాళ్ల పద్ధతే.

స్టెన్సిల్ కోయాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, తెలుగులో మూసుకుపోయిన గుండ్రాలు ఎక్కువ. సున్నా, ర, ఠ కోస్తే మధ్య ముక్క ఊడి పడిపోతుంది. పైనా కిందా రెండు సన్నటి వంతెనలు వదిలి కోసి, రంగు ఆరాక ఆ ఖాళీలను బ్రష్‌తో పూడ్చుకోండి. స్పాంజితో చాలా కొద్ది రంగు తీసుకుని అద్దాలి, తడిగా ఉంటే రంగు కిందికి పాకుతుంది.

చెక్కాలనుకుంటే సన్నటి ఉలితో పాటు గుండ్రటి మొన ఉన్న ఉలి ఒకటి కావాలి, మన అక్షరాల్లో నిలువు గీత దాదాపు లేదు, అంతా వంపే. వంపులో సగం దూరం నార వెంట నడుస్తుంది, సగం నారకు ఎదురు. ఎదురు తిరిగే చోట ఉలి గుచ్చుకుని పెచ్చు లేస్తుంది కాబట్టి అక్కడ ఆగి అవతలి చివర నుంచి చెక్కుతూ రావాలి. 2 సూతుల లోతు చాలు. పొరపాటున పెచ్చు లేస్తే అదే చెక్క సాండింగ్ పొడిని ఫెవికాల్‌లో ముద్దలా కలిపి పూడ్చండి. చేర్యాల నకాశీ కళాకారులు మాస్కులకు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపేది ఈ రకమే, బయట తేమకు మాత్రం చింతగింజల జిగురు ఆగదు.

అక్షరాలకు ఎనామిల్ వాడండి, నలుపు, జాజు ఎరుపు, మీగడ తెలుపు. రెండు రోజులు ఆరాక 220 నంబరు సాండ్ పేపర్‌తో అక్షరాల మీద నార వెంట తేలికగా నాలుగైదు సార్లు లాగండి, చెక్క గట్టి గీతలు రంగులోంచి సన్నగా తొంగిచూస్తాయి. అక్కడితో ఆపాలి, పేరు చదవడానికి కష్టపడేంత అరగదీస్తే బోర్డు ఎందుకు?

పైపూత

ఇంటి లోపల వేలాడే బోర్డుకు తేనెమైనం, అవిసె నూనె. ఒక వంతు మైనం, నాలుగు వంతుల నూనె తూకం వేసుకుని, నీళ్లు మరిగే గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద పెట్టొద్దు. పెయింట్ షాపులో డబుల్ బాయిల్డ్ అని అమ్మే అవిసె నూనె తొందరగా ఆరుతుంది. వేరుశనగ, కొబ్బరి నూనెలు ఎప్పటికీ ఆరవు, కంపు కొడతాయి, చీమలు పడతాయి. పల్చగా పూసి అరగంటాగి పొడి గుడ్డతో తుడవండి. నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూలన పడెయ్యకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, మడత పెట్టిన గుడ్డ దానంతట అదే అంటుకున్న సంఘటనలు నిజంగా జరిగాయి. నీళ్లలో తడిపి, బయట పరిచి ఆరబెట్టి పారెయ్యండి.

బయట గోడకైతే మైనం వద్దు, మన మే నెల ఎండలో ముదురు రంగు చెక్క చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, మైనం మెత్తబడి దుమ్మంతా పట్టేస్తుంది. లక్క పాలిష్ వానకు తెల్లబడుతుంది. బయట వాడే మ్యాట్ పాలీయూరిథేన్ వార్నిష్ మూడు కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య ఒక రాత్రి. వెనుక వైపు, అంచులు, ముఖ్యంగా నార తెరుచుకుని ఉండే రెండు చివరలు మరవకండి, నీళ్లు ఎక్కువగా తాగేది ఆ చివరలే. ముందు ముఖానికి మాత్రమే పూసిన పలక తొలి వానకే విల్లులా వంగుతుంది.

బిగించడం

రెండు మూడు పలకలు పక్కపక్కన పెట్టి చేసిన బోర్డుకు వెనుక అడ్డ పట్టీలు కావాలి. చెక్క వానాకాలంలో వెడల్పుకు ఉబ్బి ఎండాకాలంలో కుంచించుకుపోతుంది, కాబట్టి పట్టీలో స్క్రూ రంధ్రం గుండ్రంగా కాక కొంచెం పొడవుగా తియ్యండి, పలక కదలడానికి చోటుంటుంది. పట్టీకి జిగురు పెట్టొద్దు.

కనపడే స్క్రూలు కొత్తగా మెరిస్తే మొత్తం పని తేలిపోతుంది. మామూలు ఇనుప స్క్రూలను రాత్రంతా వెనిగర్‌లో ఉంచితే పైన ఉన్న జింకు పూత పోతుంది, ఆపైన ఉప్పు నీళ్లు చల్లి రెండు రోజులు బయట పెడితే తుప్పు వస్తుంది, కొంచెం నూనె రాసి ఆపెయ్యండి. అవి అలంకారానికే. బరువు మోసేవి మాత్రం వెనుక కనపడకుండా స్టెయిన్‌లెస్ స్క్రూలే ఉండాలి. ఇత్తడి ఇష్టమైతే జనగామ దగ్గర పెంబర్తిలో రేకు మీద నగిషీ చేసే కుటుంబాలున్నాయి, మూలలకు చిన్న బిళ్లలు చేయించుకుంటే ఇనుప నీళ్ల నలుపు మీద అది చాలా నిండుగా కనపడుతుంది.

గోడకు ఆనించేటప్పుడు వెనుక అర అంగుళం సందు ఉండేలా నాలుగు చెక్క బిళ్లలు పెట్టండి, వాన నీళ్లు జారిపోతాయి, బల్లులు చేరినా తేమ నిలవదు. గేటుకో చెట్టుకో వేలాడదీసేవాళ్లు జనపనార తాడు అందంగా ఉందని దానికే కట్టేస్తుంటారు, మా వైపు కోతులు రెండు రోజుల్లో తెంపేస్తాయి. సన్నటి ఇనుప గొలుసు కట్టి దాని చుట్టూ తాడు చుట్టుకోండి. ఏడాదికోసారి, వానలకు ముందు మే చివర్లో దించి, పొడి గుడ్డతో తుడిచి, చివరల్లో పూత లేచిందేమో చూసి అక్కడ మాత్రం ఒక కోటు వేసి మళ్లీ తగిలించండి.